బావ క్యారియర్ మీద దివిసీమ బియ్యం

జెర ఆ మొద్దును లోపటికి జరుపుండ్రి, పొగంత నా మొకానికే కొడుతున్నది. ఆఁ, చాలు. సైకిళ్ళ మీద హైదరాబాద్ పోయిన ముచ్చట అడిగితిరి గద, చెప్త ఇనుండ్రి. మీ నాయిన సగమే చెప్పి ఉంటడు. ఆ సగం ఫోటోల ఉన్నోళ్ళది. మిగిలిన సగం నాకు, మా బావకే ఎర్క.

1977 సంవత్సరం, నవంబర్ 19, శనివారం. బంగాళాఖాతంల లేచిన తుపాను కృష్ణమ్మ సముద్రంల కలిసే కాడ దివిసీమ మీద పడ్డది. ఉత్త గాలే అయితే ఇండ్ల కప్పులు లేస్తుండె, మనుషులన్న మిగులుతుండ్రి. గాలి ఎంబడి సముద్రమే లేచి వచ్చింది. మూడు నిలువుల ఎత్తు అల. నాగాయలంక, కోడూరు, హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప, ఆ పేర్లు అంతకు ముందు మనకు ఎర్కే లెవ్వు. తీగెలు తెగినయి, తొవ్వలు కొట్టుకపోయినయి, ఎంత నష్టమైందో బయటి లోకానికి తెల్వనీకే దినాలు పట్టింది. సర్కారు లెక్కలనే సచ్చినోళ్ళు పదివేలు దాటిన్రు. ఇగ గొడ్డు గోద లెక్క ఎవరు చెప్తరు. అసొంటి తుపానే 1990 మే నెలల మళ్ళ మచిలీపట్నం దిక్కు కొట్టింది, గని అప్పటికి ముందుగాల చెప్పుడు, జనాన్ని ఊర్లకెళ్ళి తరలిచ్చుడు నేర్చుకున్నరు. సచ్చినోళ్ళు వెయ్యికి లోపలనే. 1977ల ఆ యవ్వారం లేకుండె.

మన రాజంపేట పంచాయతి రేడియో కాడ మాపటి వార్తలకు జనం గుమిగూడుతుండ్రి. పేపరు కామారెడ్డికెళ్ళి వచ్చేవరకు మధ్యానమవుతుండె. ఒగ ఫోటో ఉండె, నీళ్ళల్ల చెట్టు కొమ్మకు తట్టుకొని ఉన్న మనుషులు. దాన్ని చూసి మా అవ్వ రెండు పూటలు బువ్వ ముట్టలే. రామారావు, నాగేశ్వర్రావు జోలె పట్టుకొని తిరుగుతున్నరని వార్త. రామారావుకు అది కొత్త గాదు, 1952ల రాయలసీమ కరువుకు గూడ జోలె పట్టిండు. గంత గంత హీరోలు రోడ్డు మీద అడుక్కుంటుంటే మనం ఇంట్ల కూసునుడేందని మా తోటి పిల్లగాండ్లకు పట్టింది పట్టుదల.

ఊర్లె అందరు సై అనలే. రచ్చబండ కాడ ఒకాయిన అననే అన్నడు, "ఆంధ్రోళ్ళకు మనమెందుకు జమ చెయ్యాలె?" అని. తప్పు బట్టొద్దు, అప్పటికి 1969 ఉద్యమం అయ్యి ఎనిమిదేండ్లే. మా బావనే కామారెడ్డిల జై తెలంగాణ అన్నందుకు లాఠీ దెబ్బ తిన్నోడు. ఆ బావనే లేచి, "సముద్రం ముల్కీ సర్టిఫికెట్ అడిగి ముంచిందా?" అన్నడు. ఇగ ఎవరు నోరు తెరువలే.

గీ బావ సంగతి చెప్పాలె. మా మేనత్త కొడుకు. పొద్దుగాల పాలు జమ చేసి కామారెడ్డికి తీస్కపోతుండె. ఆయినది ఇరవై నాలుగించుల హెర్క్యులిస్ సైకిల్, దానికి పాల క్యాన్లు మోసేటందుకు కమ్మరాయినతోని ప్రత్యేకంగ చేయించిన ఇనుప క్యారియర్. ఆ క్యారియర్ వల్లనే ఆయినకు గింత కథ వచ్చి పడ్డది. నేను అప్పుడు సైకిల్ టాక్సీల పని చేస్తుంటి, అద్దె సైకిళ్ళ దుకాణం. పంచర్లు అతికిచ్చుడు, పుల్లలు ఎక్కిచ్చుడు, రిమ్ము బెండు తీసుడు, అన్ని నావే.

తలమడ్ల స్టేషన్‌ల రైలుకు ఏస్తే మాపటికి సికింద్రాబాద్‌ల ఉంటయి గద, సైకిళ్ళెందుకని పెద్దలు అడిగిన్రు. అప్పుడు మనకు చిన్నలైను, మీటర్ గేజి. లీడర్ అయిన పిల్లగాడు, ఆయిన పేరు నేను తియ్య, ఎవరో మీకు ఎర్కనే, చదువుకున్నోడు, మాట మంచిగుండె. "రైలుల ఏస్తే మన ఊరి బియ్యమే పోతయి. సైకిళ్ళ మీద పోతే తొవ్వ పొంటి ఉన్న ఊర్లన్నీ లేస్తయి" అన్నడు. మాట వాస్తవమే. పది పన్నెండు మందిమి తయారైనం. హనుమాండ్ల గుడి కాడ ఒట్టు పెట్టుకున్నం, కలిసి పోవాలె, కలిసి ఇయ్యాలె అని. ఆ ఒట్టు మాటలు రాసింది గూడ లీడరే.

ఊర్ల పొంటి జమ చేసినప్పుడు చూడాలె బిడ్డా. బీడీలు చేసే ఆడోళ్ళు వారం లెక్క రాంగనే కొంగుముడి ఇప్పి ఇచ్చిన్రు. ఒకామె ఇంట్ల పైసల్లెవ్వు, దోసెడు బియ్యం దెచ్చి, మళ్ళ లోపటికి పోయి ఇంకో దోసెడు దెచ్చింది. చెరుకు పెట్టినోళ్ళు బెల్లం ముద్దలు ఇచ్చిన్రు. కామారెడ్డి బెల్లం మార్కెట్ అప్పటికే పేరుమోసింది, మన దిక్కు కరువుల గూడ బెల్లానికి కొదువ లేకుండె. పైసలన్ని ఒగ రేకు డబ్బల ఏసి తాళం పెట్టినం. ఆ డబ్బ లీడర్ హాండిల్‌కు. బియ్యం సంచి బావ క్యారియర్ మీద. పాత బట్టల మూట నా సైకిల్ మీద.

బయలెల్లే ముందు రాత్రి నా సామాను సంచి చూసి లీడర్ అన్నడు, "సుత్తె, ఆకురాయి బరువు. పంచర్ సామాను, పానలు చాలు." నేను అననే అన్న, ఆకురాయి లేకపోతే కష్టమని. నవ్విండు.

పొద్దు పొడువక ముందే ఎల్లినం. డిసెంబర్ చలి, చేతులు బ్రేకుల మీద కొంకర్లు పోతున్నయి. భిక్కనూరు కాడ పెద్ద రోడ్డెక్కినం. ఇప్పుడు నలభై నాలుగంటున్నరు, అప్పుడు అది ఏడో నంబరు, కాశీ కాడికెళ్ళి కన్యాకుమారి దాక. ఇప్పటి లెక్క నాలుగు వరుసలు లెవ్వు. ఎదురుంగ లారీ వస్తే మట్టిల దిగుడే. సిద్ధరామేశ్వరునికి రోడ్డు మీదికెళ్ళే దండం పెట్టుకున్నం. అక్కడిదాక అందరం ఒక్క గుంపే, బ్యానర్ ముందట, పాటలు, కేకలు.

భిక్కనూరు దాటినంక ఎక్కుడు మొదలైంది. కొత్త సైకిళ్ళోళ్ళు, ఏం మోయనోళ్ళు, జెరంత ముందుకైన్రు. జెరంత ఇంకింత అయ్యింది. రామాయంపేట కాడికి మేం పోయేవరకు వాళ్ళు చాయ్ తాగి, ఉపన్యాసం చెప్పి, జమ చేసి ఎల్లిపోయిన్రు. హోటలాయిన పిలిచి, "మీ ఎనుకటోళ్ళకు ఇయ్యమన్నరు" అని ఒగ సంచి సూపిండు. బియ్యం. పైసలు డబ్బల పడ్డయి, ముందుకు పోయినయి. బియ్యం మా కోసం ఆగినయి.

గదే పద్ధతి ప్రతి ఊరి కాడ. నార్సింగిల రావిచెట్టు కింద ఒగ మూట. చేగుంటల కిరాణ దుకాణం అరుగు మీద ఇంకో మూట, దాని మీద రెండు చద్దర్లు. వాళ్ళు ఊరూరికి తేలికైతున్నరు, మేం ఊరూరికి బరువైతున్నం. బావ క్యారియర్ మీద యాభై కిలోలు దాటినయి. సీటు మీద కూసుంటె ముందటి చక్రం లేస్తున్నది. ఎక్కుడు వస్తే దిగి, నేను ఎనుకకెళ్ళి నూకుడు, ఆయిన ముందటికెళ్ళి గుంజుడు. బెల్లానికి చీమలు పట్టినయి, అవి బావ ఈపు మీదికి ఎక్కుతున్నయి. నడుమ నడుమ ఆగి అంగి ఇప్పి దులుపుకునుడు.

ఒగ కాడ మావోడే ఒకడు రోడ్డు పక్కన కూసోని కనవడ్డడు. పంచరైంది. పంప్ వాని కాడ ఉంది, సొల్యూషన్ నా కాడ ఉంది. మమ్ములను చూసి లేచి వచ్చి కౌగిలిచ్చుకునుడొక్కటే తక్కువ. కాల్వ నీళ్ళల్ల ట్యూబు ముంచి, బుడగ చూసి, గరుకు కాయితంతోని రుద్ది, ముక్క అతికిచ్చిన. ఆరేదాక మంచిగ ముచ్చట్లు చెప్పిండు, మీరే అసలు మోసెటోళ్ళన్నడు. టైరు ఎక్కిచ్చి గాలి కొట్టంగనే, "ముందట వాళ్ళకు చెప్త, ఆపుత" అని తొక్కిండు. ఎటు పోయిండో పాయె. బెల్లం ముద్ద ఒకటన్న తీస్కపోరా అని బావ కేకేసిండు, ఇనవడలే.

చేగుంట దాటినంక టక్కు టక్కుమని సప్పుడు మొదలైంది. నాకు చెవుల వడంగనే తెలిసింది, కాటర్ పిన్ను. పెడల్ కర్రను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప మేకు అది, ఒగ పక్క చదునుగ ఉంటది. బరువు తోని తొక్కంగ తొక్కంగ అరిగి జారింది. కొత్త పిన్ను నా సంచిల ఉంది. గని కొత్త పిన్ను తిన్నగ దూరదు, దాని చదును పక్కను ఆకురాయితోని రాకి సరిపొయ్యేటట్టు చెయ్యాలె. ఆకురాయి ఏది? రాజంపేటల అల్మారల. ఇగ ఏం జేస్త, రోడ్డు పక్కన కిలోమీటర్ రాయి ఉంది, నల్లరాయి. దాని మీద నీళ్ళు చల్లి పిన్నును రాకుడు వెట్టిన. రాకి చూసుడు, పట్టదు. మళ్ళ రాకుడు. వేళ్ళ చర్మం లేచింది. బావ బియ్యం సంచులకు ఆనుకోని ఎండల కండ్లు మూసిండు. తొవ్వన పోయే ఎడ్లబండాయిన ఆగి, "రాయికి సాన పడుతున్నవా పిలగా?" అన్నడు. సుత్తె గూడ లేదు గద, బండరాయితోనే కొట్టి పిన్ను దించిన. దాని మీదనే రానుపోను నడిచింది. ఆ పిన్ను ఇప్పటికీ నా డబ్బల ఉన్నది.

అప్పటికి పొద్దు వాలింది. మాసాయిపేట కాడ చింతచెట్టు కింద సద్ది ఇప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నం. తూప్రాన్ చేరేవరకు చీకటి. డైనమో బావ సైకిల్‌కు ఉంది గని గంత నెమ్మదిగ పోతే బుడ్డి దీపమంత గూడ వెలుగదు. సికింద్రాబాద్ ఇంకా యాభై కిలోమీటర్ల దాకా ఉంది. గుడి అరుగు మీద పండుకున్నం. దివిసీమకని తెలిసి ఒకింటోళ్ళు పప్పుచారు, బువ్వ పెట్టిన్రు, ఇంకో సోలెడు బియ్యం గూడ సంచిల పోసిన్రు. బావ వాళ్ళకు దండం పెట్టిండు గని మొకంల, అయ్యో ఇంకో సోలెడా అన్నట్టు ఒగ చూపు చూసిండు. నాకు నవ్వాగలే.

తెల్లారి మేడ్చల్, కొంపల్లి, బోయిన్‌పల్లి. పట్నం దగ్గర పడ్డ కొద్ది కాళ్ళకు బలం వచ్చింది. మావోళ్ళు ఉంటరు, అందరం కలిసి ఇస్తం, పేపరోడు ఫోటో తీస్తడు, ఇంటికాడ చూపిస్తం, గివే లెక్కలు. బావ బోయిన్‌పల్లిల నల్ల కాడ మొకం కడుక్కోని, తల దువ్వుకోని, అంగి గుండీలు పెట్టుకున్నడు. ఫోటో కోసమని నేను అడుగలే, ఆయిన చెప్పలే.

చందాలు తీస్కునే ఆఫీసు, దాని పేరుతోని మనకు పని లేదు, ఆడికి పోయేవరకు మధ్యానం. బల్ల కాడున్నాయిన రిజిస్టరు తిప్పిండు. "రాజంపేట యువకులా? నిన్ననే వచ్చిన్రు గదా. పైసలు కట్టిన్రు, ఫోటో గూడ అయ్యింది" అన్నడు. మావోళ్ళు ఏరి అంటే, రాత్రి ఎవరి రూముల్నో పండుకోని పొద్దుటి రైలుకు సైకిళ్ళు ఏస్కోని ఎల్లిపోయిన్రట.

బావ ఏం అనలే. మంచినీళ్ళు అడిగిండు, తాగిండు. అటెన్క, "బియ్యం తెచ్చినం" అన్నడు. "ఇక్కడ నగదే" అన్నడాయిన. ఆయినను తప్పు పట్టేది లేదు, ఆ బల్ల కాడ బియ్యం ఎక్కడ పోస్తడు? ఇంకో తాన తీస్కుంటున్నరని చెప్పిండు. ఆడికి పోతే ఇంకో తాన అన్నరు. ఆఖరికి ఒగ స్కూలు మైదానంల కాలేజి పిల్లలు లారీకి ఎత్తుతున్నరు. బట్టల కుప్ప ఇల్లంత ఎత్తు ఉండె, అన్ని ఊర్లకెళ్ళి వచ్చినయి. నా మూటను ఆ కుప్ప మీద ఏసిన, నా కండ్ల ముందటనే కలిసిపోయింది. బియ్యం చూసి మాత్రం వాళ్ళు మస్తు సంతోషపడ్డరు. సంచులు అందుకుంటుంటే బావ, "సంచులు మాత్రం ఇయ్యిండ్రి, పక్కింటోళ్ళయి" అన్నడు. వాళ్ళు నవ్వి, వాళ్ళ సంచులల్ల గుమ్మరిచ్చుకొని మావి దులిపి ఇచ్చిన్రు. చీటి ఇచ్చేటోడు ఎవడు లేడు, మేం అడుగలే. లారీ కదిలేదాక నిలవడి చూసినం.

వచ్చేటప్పుడు రైలుకు పైసల్లెవ్వు, సైకిళ్ళ మీదనే. ఖాళీ హెర్క్యులిస్ గాలిల తేలినట్టు పోతుంటే బావ మేడ్చల్ దాక ఒక్క మాట మాట్లాడలే. మేడ్చల్ దాటినంక, "ఒట్టు రాసినోడే మరిచిపోయె" అన్నడు. గంతే. ఆయిన నోట మళ్ళ ఆ మాట నేను ఇనలే.

పేపర్ల ఫోటో వచ్చింది. ఏడుగురు, బ్యానర్, నడుమ రేకు డబ్బ. దాన్ని అద్దం కట్టిచ్చి పంచాయతిల పెట్టిన్రు. పక్కన రసీదు, "రాజంపేట యువకులు, నగదు" అని. నాకు ఫోటోల లేనందుకు ఎక్కువ బాధ కాలేదు. ఆ రెండు దోసెళ్ళ ఆడామె ఉన్నది చూడు, ఆమె ఒగనాడు పంచాయతి కాడ ఆ ఏడుగురిల ఒకాయినను అడిగింది, "నా బియ్యం చేరినయా అయ్యా?" అని. ఆయిన ఎనుకముందు చూడకుంట, "చేరినయి, చేరినయి" అన్నడు. ఎట్ల ఎర్క ఆయినకు? చేగుంట తర్వాత ఆయిన ఒగ గింజ గూడ చూడలే! నాకు అక్కడ మండింది. నిజంగ చేరినయి, అది వేరే సంగతి. ఆ మాట చెప్పేటి హక్కు ఒక్క మా బావకే ఉండె. ఆయినను ఎవరు అడుగలే.

అటెన్క మస్తు యాత్రలు ఇన్న, చూసిన. బాబా ఆమ్టే అని మన పక్క మహారాష్ట్రల, వరోరా కాడ కుష్ఠు రోగులకు ఆనందవనం కట్టిన పెద్దమనిషి. మనకు డిచ్‌పల్లి దవఖాన ఉంది గద, 1915ల ఇసబెల్ కెర్ అని దొరసాని డాక్టరమ్మ పెట్టింది, నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ పైసలిచ్చిండు, ఆ తీరు పనే ఈయినది గూడ. 1985 డిసెంబర్ 24 నాడు కన్యాకుమారిల నూటపదహారు మంది పిల్లలతోని సైకిల్ యాత్ర మొదలు పెట్టిండు, భారత్ జోడో అని, కశ్మీరు దాక ఐదువేల కిలోమీటర్ల పైన. ఆయినకు వెన్నుపూస బీమారి, కూసోరాదు. బండిల పండుకోనే ఎంబడి పోయిండు. పెద్దమనిషి పండుకోని గూడ గుంపును ఇడువలే అని పేపర్ల సదివి మా బావకు చెప్పిన. "ఆయినకు పాల క్యారియర్ లేదు గద" అన్నడు.

ఇప్పుడు మీ అన్న ఉన్నడు బోస్టన్ కాడ. ఆడ పాన్ మాస్ ఛాలెంజ్ అని ఉందట, క్యాన్సర్ దవఖానకు పైసలు జమ చేసే సైకిల్ పందెం, పందెం గాదు యాత్ర. 1980ల బిల్లీ స్టార్ అనేటాయిన తల్లి క్యాన్సర్‌తోని పోయిన బాధల మొదలు పెట్టిండు, ముప్పై ఆరు మందితోని. ఇప్పుడు ఏండ్లన్ని కలిపితే వంద కోట్ల డాలర్లు దాటిందట. అసొంటి యాత్రలల్ల ఎనుకవడ్డోళ్ళను ఎత్తుకొచ్చేటందుకు ఒగ బండి పెడుతరని మీ అన్న చెప్పిండు. ఎనుకవడ్డోళ్ళకు బండా! మాకు ఎనుకవడ్డోడే బండి.

సరే, అవతలోళ్ళ మాట గూడ చెప్పాలె, లేకుంటే న్యాయం గాదు. ఆ లీడర్ ఇప్పుడు ముసలాయిన, వచ్చి ఇగో ఈడనే కూసుంటడు. ఆయిన లెక్క వేరు. "ఆఫీసు ఐదింటికి మూస్తరు. అంత పైసలు డబ్బల ఏస్కోని చీకట్ల తూప్రాన్ గుడిల పండుకోవాల్నా? మేం ముందు పోయినందుకే డబ్బ భద్రంగ చేరింది. ఫోటో పడ్డందుకే పక్క ఊర్లోళ్ళు లేచి రైలుకు బియ్యం పంపిన్రు" అంటడు. పంపింది నిజమే, నేను కాదన. ఆ లెక్కన మా యాభై కిలోల కన్న ఆ ఫోటో ఎక్కువ బియ్యం మోసింది. మరి మా కోసం ఒగ మనిషినన్న ఆఫీసు కాడ నిలవెట్టి పోతే ఏం పోతుండె? గీ మాట అడిగితే దగ్గు వస్తది ఆయినకు.

బావ పోయి నాలుగేండ్లాయె. హెర్క్యులిస్‌ను పాత ఇనుపోడు కొన్నడు, క్యారియర్ మాత్రం ఇయ్యలే నేను. కోళ్ళ గంప దాని మీదనే ఉంది, మీరు రోజు చూసేదే.

రేపు ఆయిన వస్తే మీరే అడుగుండ్రి. అన్ని చెప్తడు, ఆఖరికి ఇంకోటి గూడ అంటడు, "వాళ్ళు మాసాయిపేట చింతచెట్టు కింద రెండు గంటలు పండుకున్నరు, అందుకే ఆలస్యమైంది" అని. ఆయినకెట్ల ఎర్క, ఆయిన అప్పటికి మేడ్చల్‌ల ఉండె! పండుకున్నం, లేదన. గని రెండు గంటలు గాదు. ఒక్క గంట, అది గూడ రొట్టె తిన్నంక.